కానుకల బల్ల మీద గేము

“లోపల ఏదో కాయితం ఉన్నట్టున్నాదే,” అన్నాడు సంఘం సెక్రటరీ కృపానిధి, సీడీ డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ.

చర్చిలో మగవాళ్ళ వరసలో కూర్చున్న ఎజ్రా ముందుకి వంగాడు. బిల్లు. బిల్లు తియ్యడం మర్చిపోయాడు. షాపువాడు దాని మీద ఎజ్రా పేరు రాశాడు, ఫోను నంబరు రాశాడు, తారీఖు వేశాడు.

ఆ తారీఖునే ఎజ్రా విజయనగరం నుంచి రైల్లో ఉత్త చేతులతో దిగాడు. కుట్టుమిషను మోటారు కొనమని పెళ్ళాం ఇచ్చిన డబ్బు ఎవడో జేబులోంచి కొట్టేశాడని చెప్పాడు. లీలారాణి ఏడవలేదు, తిట్టలేదు. “సొమ్ము పోతే పోనీ మావా. నాకాడ మాత్రం అబద్ధమాడకు. ముందొకసారి ఆడినావు, ఒగ్గేసినాను. ఇంకోసారైతే పాతపట్నం మాయమ్మోల ఇంటికెల్లిపోతాను. మరి రాను,” అంది. ఆమె అన్నదంటే చేసే మనిషి.

ఆమదాలవలసలో వాళ్ళ సంఘానికి ఆవేళ కోత పండుగ. ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలం పాట పెడతారు. ఏది ఎవరు పెట్టారని అడిగే అలవాటు లేదు. ఎజ్రా అదను చూసుకుని గుమ్మడికాయల వెనక ఆ డబ్బాని దోపేశాడు. ఇంట్లో ఉంటే దొరికిపోతాడు, పారేద్దామంటే చేతులు రావు. దేవుడి బల్ల మీద పెడితే పాపం కొంచెమన్నా తగ్గుతుందనుకున్నాడు.

పోనీ, ఆ మోటారు డబ్బు పెట్టి ఇంతకి తెగించి కొన్న గేమన్నా బాగుందా అంటే అదీ లేదు. అట్ట మీద అరవై గంటల ఆట అని వేశారు. ఐదు గంటల్లో అయిపోయింది. అదే సందు, అదే గోడ, అదే నలుగురు రౌడీలు చొక్కాలు మార్చుకుని వచ్చి మళ్ళీ మళ్ళీ చచ్చారు. గంటకి ఏడొందలు పడింది. ఆ ఏడొందలతో బాల్కనీలో కూర్చుని పది సినిమాలు చూడొచ్చు, మధ్యలో సమోసాలు కూడా తినొచ్చు.

“ఇదేటో గేము సీడీ అంట. పిల్లలున్నోలు సూసుకోండి. ఇరవై నుంచి పాట,” అన్నాడు కృపానిధి.

“యాభై,” అన్నాడు ఎజ్రా. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు.

“వంద,” అంది ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే లీలారాణి.

పక్కనున్న ఇమ్మానుయేలు మోచేత్తో పొడిచాడు. “నీ ఇంటిదే గదరా. ఊరుకో. ఎవలు పాడినా మీ ఇంటికే గదా ఎల్తాది.”

ఇంటికే వెళ్తుంది. కానీ ముందు ఆమె చేతికి వెళ్తుంది. ఆమె మూత తీస్తుంది.

“రెండొందలు,” అన్నాడు ఎజ్రా.

“మూడొందలు.”

“ఏటమ్మా, నీకెందుకమ్మా గేములు?” అన్నాడు కృపానిధి.

“మా ఆయనకి పేణం గదా బాబూ. కొనిద్దారని,” అంది లీలారాణి.

గుడంతా నవ్వింది. ఎజ్రా ఆమె వైపు చూస్తూ వద్దని తల ఊపాడు. ఆమె ముసుగు సర్దుకుంది, ఇటు చూడలేదు.

“ఐదొందలు.”

“వెయ్యి.”

కుర్చీలో ఉన్న పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఈయేడు బియ్యం బస్తాకి కూడా ఇంత రాలేదు,” అన్నారు సంతోషంగా.

“పదిహేనొందలు,” అన్నాడు ఎజ్రా. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“రెండువేలు.”

“ఒరే, పిచ్చెక్కిందేట్రా?” అన్నాడు ఇమ్మానుయేలు. “మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకోడానికి మీకు ఇల్లు లేదేటి?”

“రెండువేల ఐదొందలు.”

“మూడువేలు,” అంది లీలారాణి, కూరగాయలు బేరమాడినంత తాపీగా.

ఎజ్రా కళ్ళ ముందు పాతపట్నం బస్సు ఆగింది. కిటికీ పక్కన ఆమె కూర్చుంది, ఒళ్ళో బట్టల సంచీ ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

“మూడువేల ఐదొందలు,” అన్నాడు. రైసుమిల్లులో కాటా దగ్గర నిలబడి సంపాదించే నెల జీతంలో అది సగం.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఆడవాళ్ళ వైపు చూశారు.

“సాలు బాబూ. ఆయనకే ఇచ్చియ్యండి,” అంది లీలారాణి.

కృపానిధి మూడుసార్లు పిలిచి డబ్బా చేతికిచ్చాడు. పాస్టరుగారు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ అన్న మాట పూర్తికాకుండానే ఎజ్రా బయటపడి, గుడి వెనక కుళాయి దగ్గరికి పోయి మూత ఊడబెరికాడు.

లోపల సీడీ ఉంది. దాని కింద ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పే చిన్న పుస్తకం ఉంది. ఊపితే చప్పుడైంది అదే. పుస్తకం విదిలించాడు, డబ్బా బోర్లించాడు. బిల్లు లేదు. రైల్లోనే ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఎజ్రా గోడకి చేరగిలబడి, చాలా రోజుల తరవాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

“బిల్లు కోసం ఎతుకుతన్నావేటి మావా?” అంది వెనక నుంచి లీలారాణి. “వారం నుంచీ అది నా బైబిల్లోనే ఉన్నాది. షాపోడికి ఎంతిచ్చినావో దేవుడికీ అంతే ఇచ్చిందాకా పాడి, ఆపేసినాను.”