చప్పుడు లేని నీళ్ళు

"ఏ బండికి?" అని అడిగాడు వీరయ్య.

రాణిగంజ్‌లో లారీల రేడియేటర్ సామాన్లమ్మే వీరయ్య ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. ఇంజను చల్లార్చే కూలెంట్ కావాలంటూ వచ్చినవాడెవడైనా ముందు బండి పేరు చెప్పాల్సిందే.

"కంప్యూటర్‌కండి," అన్నాడు రమణబాబు.

వీరయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకుని, స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

రమణబాబు రైల్వే ఆఫీసులో గుమాస్తా. మెట్టుగూడలో రెండు గదుల ఇల్లు. కంప్యూటర్ అతని కోసం కాదు, భార్య దుర్గ కోసం. ఊరంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పరుగులు తీస్తుంటే, ఆమె తన చెవుల్ని నమ్ముకుంది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసి పంపుతారు. అది విని, మాట పొల్లుపోకుండా టైపు చేసి తిప్పి పంపాలి. వినబడని మాట దగ్గర ఖాళీ వదలాలి.

నాలుగేళ్ళుగా దుర్గ పంపిన కాగితంలో ఖాళీ అన్నదే లేదు. ముక్కుతో మాట్లాడేవాళ్ళు, ఏదో నములుతూ మాట్లాడేవాళ్ళు, అలాంటి డాక్టర్లందర్నీ కంపెనీవాళ్ళు ఆమెకే తోసేవారు. దుర్గగారి చెవులకి దణ్ణం పెట్టాలమ్మా అని సూపర్‌వైజర్ దేవానందం ఫోన్లో ఓసారి అన్నాడు. ఆ ముక్క మొగుడికి ఎన్నిసార్లు చెప్పుకుందో! చెప్పిన ప్రతిసారీ కొత్తగానే మురిసిపోయేది.

ఇప్పుడు పేజీకి పది ఖాళీలు. నెలాఖరులోగా తగ్గకపోతే ఇంక పని పంపలేమని ఆ దేవానందమే చెప్పాడు. మెత్తగానే చెప్పాడు పాపం. తిట్టినా బాగుండేదని దుర్గ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"ఆ ఫ్యానేనండి," అంది ఏడుస్తూ. "డాక్టర్ మాట్లాడుతుంటే మాట మీదకొచ్చి కూర్చుంటోంది ఆ మోత. పడుకున్నా చెవుల్లోనే తిరుగుతోంది."

రమణబాబు ప్రాణం ఉసూరుమంది. ఆ పాపం తనదే. పాత కంప్యూటర్ బాగానే పనిచేస్తుంటే, స్పీడు చాలదని గొప్పకు పోయి కొత్త ప్రాసెసర్ వేయించాడు. దాన్ని చల్లార్చే ఫ్యాను పిండిమరలాగా మోగుతుంది. చేజేతులా దుర్గ నోటికాడి కూడు లాగేశాను కదా అని లోలోపల కుమిలిపోయాడు.

దుర్గ మునుపటి దుర్గలా లేదు. కుక్కర్ కూతలు పట్టించుకోక రెండుసార్లు పప్పు మాడ్చేసింది. పిలిస్తే పలకదు, దగ్గరకెళ్ళి గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. బెంగ మనిషిని అలాగే చేస్తుంది మరి.

ఫ్యాను లేకుండా నీళ్ళతో కంప్యూటర్‌ని చల్లార్చవచ్చని అతను నెట్ సెంటర్లో చదివాడు. ఇంక ఆగుతాడా? రాంగోపాల్‌పేట్‌లో లేతు మిషను నడిపే బ్రహ్మచారి చేత ప్రాసెసర్ మీద బిగించే రాగి దిమ్మ తొలిపించాడు. పాత కారు రేడియేటర్ ఒకటి, చేపల తొట్టి పంపు ఒకటి సంపాదించాడు. గొట్టాల్లో తిరగాల్సిన నీళ్ళ దగ్గరే చిక్కొచ్చిపడింది. కుళాయి నీళ్ళు పోస్తే పాచి పడుతుంది, బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. బ్యాటరీ నీళ్ళు మేలని నెట్‌లో ఒకడంటే, కాదు కారు కూలెంటేనని ఇంకొకడు కొట్టుకుచస్తున్నాడు. వాళ్ళ గోలంతా ఏది ఎక్కువ చల్లబరుస్తుందని. ఏది తక్కువ చప్పుడు చేస్తుందో ఒక్కడూ రాయలేదు.

సంగతంతా విన్నాక వీరయ్య నవ్వలేదు.

"గీ పచ్చ కూలెంటు జెర చిక్కగుంటది బాబూ. చిన్న పంపుకు తక్లీఫ్ అయితది. బ్యాటరీ నీళ్ళే పొయ్యి. తుప్పు వట్టకుంట గిది ఒక్క మూతెడు కలుపు, సాలు," అని రెండు డబ్బాలూ చేతికిచ్చాడు. "అమ్మకు మంచిగ ఇనబడాలె."

రమణబాబు ఇంటికొచ్చి అంతటితో ఊరుకోలేదు. ఒక గిన్నెలో పచ్చ కూలెంటు, ఒక గిన్నెలో బ్యాటరీ నీళ్ళు పోసి, రెంటిలోనూ మార్చి మార్చి పంపు తిప్పాడు. గిన్నెకు స్టీలు గ్లాసు ఆనించి చెవి పెట్టాడు. పచ్చదాంట్లో పంపు గుర్రుమంది. నీళ్ళలో ఉందో లేదో తెలియలేదు. వీరయ్య మాట అక్షరాలా నిజం.

దుర్గని పిలిచి వినమన్నాడు. ఆమె కూడా గ్లాసు ఆనించి చాలాసేపు వింది.

"రెండూ ఒకేలాగున్నాయండి," అంది.

మనసు విరిగిన మనిషి ఇంతకంటే ఏం చెబుతుందిలే అనుకుని, అతనే నీళ్ళని ఖాయం చేశాడు. మూతెడు పచ్చది కలిపాడు. గొట్టాలు బిగించి, కింద న్యూస్‌పేపర్లు పరిచి, ఒక రోజంతా నీళ్ళు తిప్పి చూశాడు. చుక్క కారలేదు. పాత ఫ్యానుని ఊడబీకి, ఇదిగో నీ శత్రువు, ఇంక నీ ఇష్టం అని ఆమె చేతిలో పెట్టాడు.

దుర్గ నవ్వింది. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు చూసి.

"మళ్ళీ నా డాక్టర్లు నాకు వినిపిస్తారు కదండీ?" అంది.

ఆదివారం మధ్యాహ్నం అతను కిటికీలన్నీ మూసేశాడు. సీలింగ్ ఫ్యాను కూడా ఆపాడు. పంపూ కంప్యూటరూ ఒకే స్విచ్చికి కలిపానని, కళ్ళు మూసుకుని జాగ్రత్తగా విని చెప్పమని అన్నాడు. దుర్గ ఆ పాత ఫ్యానుని ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకు కూర్చున్న పిల్లలా కళ్ళు మూసుకుంది. రమణబాబు స్విచ్చి మీద వేలు పెట్టి, ఆమె మొహం వైపు చూశాడు. నవ్వుతుంటే చూడాలని.

ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు జారాయి.

"ఏమీ తగ్గలేదండి," అంది. "అలాగే మోగుతోంది."

రమణబాబు ఇంకా స్విచ్చి వేయనేలేదు.