వదిన పిలాటిస్

చిట్టి తలుపు తోసుకుని వచ్చేసరికి వదిన నేలమీద మ్యాట్ పరుచుకుని, వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ గాల్లోకి లేపి ఉంది. పక్కన ఫోనులోంచి ఎవరిదో ఆడగొంతు, "బొడ్డు వెన్నుకి అంటుకోవాలి, ఊపిరి బిగబట్టకండి" అంటోంది.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది.

"బాగుంది వదినా. అక్కడ మా అన్నయ్య కట్టెలా పడుంటే, ఇక్కడ నువ్వు నాట్యం నేర్చుకుంటున్నావా?"

"నాట్యం కాదు, పిలాటిస్ అని కసరత్తు." వదిన కాళ్ళు దించలేదు.

"దాని పేరడిగానా నేను?"

చేస్తున్నది పూర్తయ్యాకే వదిన లేచి ముఖం తుడుచుకుంది. మందుల షాపులో కౌంటరు పని ఆమెది. అన్నయ్య పడిపోయినప్పటి నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటోంది. ఇంటిపట్టున కూర్చునేసరికి సోకులు గుర్తొచ్చాయి కాబోలు అనుకుంది చిట్టి. మొగుడు మంచాన పడ్డాక నడుము సన్నబడాలని కోరిక పుట్టిన ఆడదాన్ని తనెక్కడా చూడలేదు.

లోపలి గదిలోకి విసవిసా నడిచింది. పక్షవాతం అన్నయ్య కుడివైపంతా లాగేసింది. అసలే భారీ మనిషి. ఆ నోట స్పష్టంగా పలికే మాట ఇప్పుడొక్కటే.

"చిట్టీ."

ఆ పిలుపు వింటే చిట్టి కళ్ళు నిండుతాయి. వదిన మీద కోపం రెట్టింపవుతుంది. వెనకే వచ్చిన వదిన వైపు తిరిగింది.

"దుప్పటి తడిగా ఉందేంటి?"

"ఒక్కదాన్నే పక్కకి తిప్పలేకపోతున్నాను. సాయానికి పెట్టుకున్న మనిషిని నువ్వే తగిలేశావు."

"కట్టుకున్నదానివి నువ్వుండగా పరాయివాడు మా అన్నయ్యని ముట్టుకోవడమేంటి? నీ ఆపరేషనప్పుడు అన్నయ్య నెల్లాళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. పువ్వుల్లో పెట్టి చూసుకున్నాను. ఒక్క రోజు విసుక్కున్నానా?"

"తెలుసు. ఆ నెల్లాళ్ళూ నేనిక్కడ గోడ పట్టుకుని నడిచాను."

"ఇప్పుడా పాత సోదెందుకు?"

"నువ్వే ఎత్తావు."

"నాకే గనక వీలుంటే ఈ క్షణాన తీసుకుపోయేదాన్ని. కానీ ఈ మనిషిని మంచంలోంచి కదిపేదెవరు? మా ఆయన వంగితే లేవడు, లేస్తే వంగడు."

వదిన దుప్పటి మడతపెడుతూ ఆగింది.

"మీ ముందు గది ఖాళీగానే ఉందా?"

"టైలరింగు మానేశాక ఖాళీయే. మంచమొక్కటే ఉంది. ఏం?"

"చక్రాల కుర్చీ పడుతుందా ఆ తలుపులోంచి?"

"కుట్టుమిషను బల్లే పట్టింది, కుర్చీ పట్టదా? ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే. షాపువాళ్ళు మళ్ళీ పనిలోకి రమ్మంటున్నారు."

"మొగుణ్ణి వదిలేసి ఉద్యోగమా? నోరెలా వచ్చింది వదినా!"

వదిన మళ్ళీ దుప్పటి మడతలో పడింది. అది చూసి చిట్టికి ఇంకా ఒళ్ళు మండింది. ఆ రోజే చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. "మొగుడు మంచం మీద, పెళ్ళాం మ్యాట్ మీద" అన్న మాట ఇంటింటా తిరిగింది. కొందరు నవ్వారు. కొందరు వదినకే ఫోను చేసి బుద్ధి చెప్పారు. వదిన అందరికీ "ఊఁ" అంది, ఫోను పెట్టేసింది, మ్యాట్ పరుచుకుంది.

చిట్టి వచ్చిన ప్రతిసారీ అదే తంతు. ఒకసారి బోర్లా, ఒళ్ళంతా పలకలా బిగించి మోచేతుల మీద నిలిచి ఉంటుంది. ఇంకోసారి భుజాలు నేలకానించి నడుము పైకెత్తి, వెన్ను ఒక్కో పూసే కిందకి దించుతుంటుంది. వణుకుతూ, చెమటలు కక్కుతూ, పళ్ళు బిగించి. వ్యాయామం చేసే మొహం కాదది, ఎవరితోనో కలబడుతున్న మొహం. చిట్టి తిట్టేది తిట్టి, అన్నయ్య తల నిమిరి వెళ్ళిపోయేది.

నెలలు గడిచాయి. ఒకరోజు చిట్టి గది గుమ్మంలోనే ఆగిపోయింది.

వదిన మోకాళ్ళు వంచి, అన్నయ్య చంకల కింద చేతులు దూర్చి, నోటితో ఊపిరి వదులుతూ ఒక్క ఊపున లేపింది. అంత మనిషీ మంచంలోంచి లేచి, గిర్రున తిరిగి, చక్రాల కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక్కదానివేనా!"

"నడుముతో ఎత్తకూడదు. పొట్ట బిగించి, తొడల బలంతో ఎత్తాలి."

"ఇందుకా వదినా ఇన్నాళ్ళూ... నా నోరు పడిపోను! ఊరంతా చాటానే నీ గురించి!" చిట్టి వదిన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. వదిన చేతులు వెనక్కి తీసుకోలేదు, ఏడవనూ లేదు.

"ఒక్కసారి అన్నయ్యని మా ఇంటికి తీసుకురా వదినా. గాలి మారుతుంది."

"రేపే తెస్తాను."

అన్నట్టే మర్నాడు టాక్సీ వచ్చి చిట్టి ఇంటిముందు ఆగింది. డ్రైవరు చెయ్యి వెయ్యబోతే వదిన వద్దంది. తనే కుర్చీలోకి దించింది, తనే ముందు గదిలోకి తోసింది, తనే మంచం మీద పడుకోబెట్టి తలగడ సర్దింది. అన్నయ్య గదంతా కలయజూసి, "చిట్టీ" అని నవ్వాడు. చిట్టి పొంగిపోయింది.

"టాక్సీని పంపించెయ్ వదినా, వెయిటింగు దండగ. టీ పెడతాను."

"ఉండనీ."

చిట్టి టీ తెచ్చేసరికి మంచం పక్కన మందుల సంచి, దుప్పట్లు ఉన్నాయి. గోడకి ఆనించి, చుట్టచుట్టిన మ్యాట్. దాన్ని చూడగానే పాత కోపం బుస్సున లేచింది.

"ఇక్కడికీ తెచ్చావా దీన్ని? ఒక్క పూట దొర్లకపోతే ఉండలేవా వదినా?"

వదిన చెప్పులేసుకుని గుమ్మం దిగింది.

"అది నీకే చిట్టీ, రేపట్నుంచి మొదలుపెట్టు."