‘అనా’ అన్న మనిషి

ఆస్పత్రి వరండాలో చొక్కా నిండా నెత్తురుతో నిలబడి ఉన్న మనిషి కాలరు పట్టుకున్నాడు రామచంద్రరావు.

ఆ నెత్తురు ఆయన భార్య వేదవతిది.

ఇండియన్ స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం అల్ రయ్యాన్ రోడ్డు మీద బస్సు దిగి, ఇంటికి నడిచి వస్తుంటే ఆమెను బండి గుద్దింది. తుంటి ఎముక విరిగింది. తలకు దెబ్బ తగిలింది. లోపల ఆపరేషన్ జరుగుతోంది.

పోలీసు వచ్చి రావు చెయ్యి విడిపించాడు. ‘ఎవరు?’ అని తాను అడిగితే, ఈ పికప్ డ్రైవరు గుండె మీద చెయ్యి పెట్టుకుని ‘అనా’ అన్నాడని చెప్పాడు.

అనా అంటే నేను.

ఖతార్ వచ్చి ఏళ్ళయినా రావుకు అరబ్బీ అంతంతమాత్రమే. ఆ మాట మాత్రం బాగా తెలుసు.

మర్నాడు స్టేషన్‌కు వెళ్ళాడు. తనతో పాటు ఆఫీసులో పనిచేసే హైదరాబాదు మనిషి గౌస్ మొహియుద్దీన్‌కు అరబ్బీ వచ్చని వెంట తీసుకువెళ్ళాడు.

డ్రైవరు పేరు జలంధర్. జగిత్యాల వైపు మనిషి. సాటి తెలుగువాడే తన భార్యను గుద్దాడని రావు కోపం రెట్టింపయింది.

జలంధర్ వచ్చీ రాగానే అడిగాడు.

“అమ్మకు ఎట్లున్నది సార్?”

“నీకెందుకు?”

“నేను గుద్దలే సార్. రోడ్డు మీద పడి ఉంటే చూసి బండ్లె ఎక్కించుకొచ్చిన.”

“ఎవరని అడిగితే ‘అనా’ అన్నావా, లేదా?”

“అన్న సార్. ఎవరు తీస్కొచ్చిండ్రని అడుగుతున్నడనుకున్న. నాకు అరబ్బీ సక్కగ రాదు.”

రావుకు ఒళ్ళు మండిపోయింది. నిన్న ఒప్పుకున్నవాడు తెల్లారేసరికి మాట మార్చేశాడు. పికప్ ముందు లైటు ఎందుకు పగిలిందని నిలదీస్తే, సైట్‌లో ఇసుక లారీ తగిలిందన్నాడు. ప్రతిదానికీ ఒక కథ సిద్ధంగా ఉంది.

“ఎవరో పడిపోతే బండి ఆపి ఎక్కించుకునేంత ధర్మాత్ముడివా నువ్వు? ఈ ఊళ్ళో ఎవరు ఆపుతారు?”

జలంధర్ కళ్ళలో మొదటిసారి కోపం కనిపించింది.

“పడ్డ మనిషిని చూసుకుంట ఎట్ల పోత సార్?”

బయటికి వచ్చాక గౌస్ మొహియుద్దీన్ నెమ్మదిగా, ఆ డ్రైవరు మాట అబద్ధంలా అనిపించడం లేదన్నాడు. ఇంకోసారి విచారించమని రావే అడిగితే పోలీసులు కాదనరని చెప్పాడు.

“మీ ఆవిడ అలా పడి ఉన్నప్పుడు చెప్పండి ఆ మాట,” అన్నాడు రావు.



వేదవతికి స్పృహ వచ్చింది. ఏం జరిగిందని అడిగితే, బస్సు దిగిన సంగతి చెప్పింది. ఆ తర్వాతది ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

ఆమె స్కూల్ ఉద్యోగం పోయింది. కర్ర లేకుండా నడవడం కష్టమేనన్నారు డాక్టర్లు.

రావు నష్టపరిహారం కోసం కేసు వేశాడు. జలంధర్ కంపెనీ వాళ్ళు మొదట ఎంతో కొంత ఇచ్చి వదిలించుకోవాలని చూశారు. మనిషి కాలికి బేరమా అని రావు వాళ్ళ మేనేజరు ఎదుటే కాగితాలు విసిరికొట్టాడు. సెలవు పెట్టి మరీ కోర్టు చుట్టూ తిరిగాడు. ఇది డబ్బు కోసం కాదని, గుద్దినవాడికి బుద్ధి రావాలని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. కోలుకుంటున్న వేదవతికి మాత్రం ఆ డ్రైవరు గురించి ఏమీ చెప్పలేదు.

కంపెనీ మనిషి జైల్లో ఉన్న జలంధర్‌ను కలిశాడట. మొదట అన్న ‘అనా’ మాట మీదే ఉంటే కేసు తొందరగా తేలుతుందని, లేదంటే తేలేదాకా లోపలే ఉండాలని చెప్పాడట. ఆ తర్వాత జలంధర్ తాను గుద్దలేదనడం మానేశాడు.

“నిజం ఎన్నాళ్ళు దాస్తాడు?” అన్నాడు రావు.

పరిహారం వచ్చింది. కంపెనీ జలంధర్‌కు రావలసిన జీతం ఆపేసి, వీసా రద్దు చేసి, విమానం ఎక్కించింది. ఉత్త చేతులతో పోయాడని గౌస్ చెబితే రావు మండిపడ్డాడు.

“వాడు రెండు కాళ్ళతో నడిచి ఇంటికి పోయాడు. నా భార్య నడవగలదా?”

చలికాలం వచ్చేసరికి వేదవతి కర్ర ఆసరాతో హాల్లో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం పొద్దున అలా నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. మొహం పాలిపోయింది. రావు పరుగున వచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఏమండీ, నన్ను గుద్దిన కారు తెల్లది.”

“కారా?” అన్నాడు రావు. “సరిగ్గా గుర్తు తెచ్చుకో. పికప్ కదూ?”

“కాదండీ, కారే. గుద్ది, కాస్త ముందుకెళ్ళి ఆగింది. దిగుతారనుకున్నాను. వెళ్ళిపోయింది.”



ఆమె ఆయన వైపు చూడటం లేదు. ఆ రోడ్డునే చూస్తున్నట్టుంది. వెనక వచ్చిన కార్లన్నీ తనను తప్పించుకుని పోయాయని, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉందని చెప్పింది. చివరికి ఒక పికప్ ఆగిందట. డ్రైవరు దిగి ఎత్తుకున్నాడట. దారి పొడవునా ‘అక్కా, కండ్లు మూయకు, నాతోటి మాట్లాడు’ అంటూనే ఉన్నాడట.

“మన తెలుగతనేనండీ. ఇక్కడే ఏదో కంపెనీలో ఉండి ఉంటాడు. కనుక్కుని ఒకసారి భోజనానికి పిలవండి,” అంది వేదవతి. “అంత రోడ్డు మీద నా కోసం ఆగినవాడు అతనొక్కడే.”