ఏడో మనిషి

"కట్! ఓ పెద్దాయనా, కాస్త జరుగుతారా? సముద్రం తీద్దామని వస్తే మీ వీపు తీయాల్సొస్తోంది" అని అరిచాడు కెమెరామన్ ఫెర్గల్.

రేవు అంచున నిలబడ్డ ముసలాయన ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు.

"ఏమనుకోకు బాబూ. అలా చూస్తూ ఉండిపోయాను."

మూడు రోజులుగా ఇదే వరస. షూటింగ్ ఎక్కడ జరిగితే అక్కడ ప్రత్యక్షం. ఇంగ్లండ్‌లోని కావెంట్రీ నుంచి ఊరికే చూసిపోదామని వచ్చాడట. డాక్యుమెంటరీ వాళ్లకు గదులు అద్దెకిచ్చిన మోయా ఇంట్లోనే తనూ దిగాడు.

ఆ సాయంత్రం మోయా అందరికీ టీ పోసింది.

"ఏం సినిమా తల్లీ?" అడిగాడు ముసలాయన.

"సినిమా కాదండీ, జరిగిన కథే" అంది డైరెక్టర్ డెర్వలా, కాగితాల మీంచి తల ఎత్తకుండా. "అరవై ఒకటిలో ఇక్కడ పడవ మునిగింది. ఏడుగురు కుర్రాళ్లు. ఆరుగురు పోయారు."

"ఏడోవాడు?"

మోయా అందుకుంది. "కోల్మన్ అని, ఓ పాపిష్టివాడు. నేనింకా పుట్టలేదులెండి, మా అమ్మ చెప్పేది. మిగిలిన ఒక్క తెడ్డూ తనే పట్టుకుని ఒడ్డెక్కాడట. నెల తిరక్కుండా ఇంగ్లండ్ చెక్కేశాడు."

"అతని కోసం అక్కడి పేపర్లలో ప్రకటన కూడా వేయించాం. ఉలుకూ పలుకూ లేదు" అంది డెర్వలా.

"దొరికితే ఏం అడుగుతావు?"

"ఒక్కటే. ఆ తెడ్డు ఎవరి చేతుల్లోంచి లాక్కున్నావని."

ఫెర్గల్ పకపకా నవ్వాడు. "అలా మొదలెడితే ఇంటర్వ్యూ అక్కడితో సరి!"

ముసలాయన నవ్వలేదు. కప్పు సగంలోనే దింపేశాడు.

"పొద్దున గాల్వే బస్సు ఎన్నింటికమ్మా?" అని మోయాని అడిగాడు.

ముసలాయన వెళ్లిపోయిన మర్నాడు హనోరా నుంచి కబురొచ్చింది. పోయిన ఆరుగురిలో ఒకడి తల్లి ఆమె. తొంభై దాటాయి. డెర్వలా ఎన్నిసార్లు వెళ్లినా నోరు విప్పని మనిషి.

"కెమెరా బయట పెట్టించు" అంది హనోరా. "నేను చెప్పేది నీ సినిమాలో రాకూడదు. ఒట్టు పెట్టు."

డెర్వలా ఒట్టు పెట్టింది.

"తెల్లారగట్ల నా మార్టిన్‌ని మొదట చూసింది నేనే. ఒడ్డున పడి ఉన్నాడు. తెడ్డుకు కట్టేసి ఉన్నాడు. కోల్మన్ బెల్టుతో."



"అంటే ఆయన తెడ్డు ఇచ్చేసి..."

"ఉత్త చేతులతో ఈదాడు. వాడు బతికాడు, నావాడు చలికి బిగుసుకుపోయాడు. ఓర్వలేకపోయాను తల్లీ. కట్టు విప్పి, తెడ్డును నీళ్లలోకి తోసేశాను. తెడ్డు కోల్మన్ లాక్కున్నాడని మొదట అన్నది నేనే. ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కదా. దేవుణ్ణి తిట్టే ధైర్యం లేదు."

"ఆయన కాదనలేదా?"

"ఒక్క మాట అనలేదు. తలొంచుకుని ఊరొదిలి పోయాడు."

"ఇది అందరికీ తెలియాలి హనోరా!"

"ఒట్టు పెట్టావు. నేనెన్నాళ్లుంటాను? ఈ ఊళ్లోనే పోవాలి నేను. వాణ్ణి ఇక వెతకొద్దని చెప్పడానికే పిలిచాను."

డెర్వలా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నేను తీసిందంతా అబద్ధమేనా? కనీసం ఆయన్నైనా ఒకసారి చూడనివ్వండి. ఎక్కడుంటారు?"

"చెప్పలేదు. నీ ప్రకటన చూసి, ఇన్నేళ్లకి గుండె బరువు దించుకుందామనే వచ్చాడు పాపం. ఇప్పుడు నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే నిన్న కూర్చున్నాడు."

హనోరా కళ్లు తుడుచుకుంది.

"'ఆ అమ్మాయికి కావలసింది తెడ్డు సంగతొక్కటే; నిజం చెబితే, ఆ తెడ్డు ఏమైందని రేపు ఊరంతా నిన్ను నిలదీస్తుందమ్మా' అని నా చేతులు నిమిరి, గాల్వే బస్సెక్కేశాడు."