పాత వెర్షన్

బిడ్డ నిద్రలోనే ఊపిరి ఆపేస్తుందేమోనన్నది ఆమెకున్న అన్నిటికన్నా పెద్ద భయం. భర్త అలాగే పోయాడు, పక్కనే పడుకున్న ఆమెకు చిన్న చప్పుడైనా వినపడకుండా.

ఉన్నన్నాళ్ళూ అతను రాత్రుళ్ళు లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కాగితంలా పెన్నుతో రాసే తన ఈ-ఇంక్ ట్యాబ్‌లో టైము వేసి రాసుకునేవాడు: "పాప ఊపిరి బాగుంది." మొన్న ట్యాబ్ తనంతట తానే అప్‌డేట్ అయ్యాక ఆ నోట్స్ తెరుచుకోవడం లేదు. ట్యాబ్‌ని నడిపే ఫర్మ్‌వేర్‌ని పాత వెర్షన్‌కి దించితే, జనం తయారుచేసి ఊరికే పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందనీ, అందులో అవి తెరుచుకుంటాయనీ మరిది ఫోన్‌లో దారి చెప్పాడు.

"ట్యాబ్ డాక్టర్‌గారూ, దించేశాను. ఇప్పుడు కొత్తది ఎక్కుతోంది," అందామె మళ్ళీ మరిదికి ఫోన్ చేసి.

"నోట్స్ కాపీ తీశావుగా వదినా?"

"పాతదానికి వెళ్తే పాతవన్నీ ఉంటాయిగా?"



"వెనక్కి వెళ్ళేది ట్యాబ్ ఒక్కటే వదినా. రాసినవన్నీ చెరిగిపోతాయి."

ఫోన్ పెట్టేసి, పాప లేవకుండా దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆగాక, గదిలో పాప ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు.

ట్యాబ్ తెర నల్లబడి, తెల్లబడింది. ఖాళీగా ఉండాల్సిన చోట ఒక పేజీ ఉంది. అతని చేతిరాతే. పైన ఈ రోజు తేదీ, తొమ్మిదీ పది. గోడ గడియారంలో ఇంకా తొమ్మిదీ ఎనిమిదే.

"పాప ఊపిరి బాగుంది. వాళ్ళమ్మదే వినపడటం లేదు."

మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా చంటిబిడ్డతో ఒంటరిగా ఉంటున్న తల్లి ఉంటే, ఇది పక్కన పెట్టి, ఒక్కసారి వెళ్ళి చూసి రండి.