స్టాపు లేని చోటు

"అయ్యో, జలపాతం దాటిపోయింది! ఆపరేం?" ఒళ్లోని టెంటు సంచి మీంచి తొంగిచూస్తూ అరిచింది భార్య.

"ఇక్కడ స్టాపు లేదు," అనేసి నాలిక్కరుచుకున్నాడు, మొన్ననే రిటైరైన బస్సు డ్రైవరు.

ఆమె పకపకా నవ్వింది. "ఇది మన కారండీ! ఇన్నేళ్లూ ఈ దారినే తిరిగారుగా, ఎలా ఉంటుందో మీరే చెప్పండి పోనీ."

"చప్పుడు బాగుంటుంది. చూడ్డానికెక్కడ కుదురుతుంది? సరిగ్గా అక్కడే మలుపు."

ఆమె నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి చెయ్యి చాపి, కండక్టరులా తలుపు దబదబా బాదింది. "హోల్డాన్! వెనక్కి తిప్పండి."

జలపాతం దగ్గర ఆమె దిగింది. ఆయన మాత్రం ఇంజను ఆపకుండా, అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకా ఎవరికోసమండీ?"

"అందరూ దిగారా అని..."

"ఒక్కరు మిగిలారు," అంటూ ఆమె డ్రైవరు తలుపు తీసింది.