నలభై నిమిషాలు

"మళ్లా పాస్‌వర్డే అడుగుతున్నదన్నా!" గంగ మళ్లీ లాగిన్ నొక్కింది. నర్సింగ్ సీటు ఖాయం చేసుకోవడానికి ఐదు గంటలకే గడువు.

"సైటే ఖరాబైంది చెల్లె. గంట కింద గీ సీటు కోసమే వచ్చిన మీ ఊరి రాజశ్రీకి గూడ గిట్లనే అయితే ఇంటికి పంపిన," అన్నాడు కామారెడ్డిలో నెట్ సెంటర్ నడిపే లింబాద్రి.

గంగ తన బటన్ ఫోన్ చూసుకుంది. "నా ఫోన్ల నాలుగున్నరే. నీ కంప్యూటర్ల ఐదు పది ఏందన్నా?"

"మీ ఎల్లారెడ్డి బస్సు తప్పిపోవద్దని నలభై నిమిషాలు ముందుకు పెట్టిన..." లింబాద్రి ఆగిపోయాడు. "లోపలికి పోంగనే టైం అయిపోయిందని సైటు బయటికి నూకుతున్నది గిందుకేనా!"

టైం సరిచేశాడు. ఈసారి పేజీ నిలిచింది. గంగ ఏడుస్తూనే సీటు ఖాయం చేసుకుంది.

నాలుగు నలభై అయింది. లింబాద్రి రాజశ్రీకి ఫోన్ కలిపాడు. "చెల్లె, యాడున్నవ్?"

"బస్సెక్కి గంటయింది, లింగంపేట గూడ దాటిన అన్నా. నీ కంప్యూటర్ల టైం చూసి ఉరికిన గదా, బస్సు మంచిగ దొరికింది."